పెంకు నీళ్లు

మా ఇంట్లో గుడ్డు అనే మాట కూడా
కాస్త గొంతు తగ్గించి అంటారు.

అలాంటి ఇంటి మిద్దె మీదికి
ఆదివారం రాత్రి, బస్టాండు దగ్గర
ఆమ్లెట్ల బండి మాలకొండయ్య కట్టిచ్చిన పెంకుల్ని
బియ్యం సంచిలో పోసి, పైన మునగాకు కప్పి
ఎక్కించాను.
మెట్టు మెట్టుకీ గలగలమన్నాయి
దొంగ కాళ్లకి కట్టిన గజ్జెల్లా.

కారణం చెబితే నవ్వుతారు.
కందుకూరులో స్ట్రాబెర్రీ.
ఊరి జిల్లా మారింది గానీ ఎండ మారలేదు కదే,
అన్నాడు మా ఆయన
కొట్టు లెక్కల్లోంచి తల ఎత్తకుండా.

పూణె నుంచి పార్సిల్లో పన్నెండు మొక్కలొచ్చాయి
తడిగుడ్డలో, పురిటి పిల్లల్లా.
ఒకటి దారిలోనే పోయింది.
మిగతా పదకొండింటికీ
రామాయపట్నం రొయ్యలు మోసిన థర్మోకోల్ పెట్టెలే మళ్లు.
మూడుసార్లు నేను కడిగాను,
నాలుగోసారి అత్తయ్య కడిగించింది.

పుష్యమాసం చలికి బాగానే లేచాయి.
ఆ తరవాతే
విచ్చుకోకముందే కొత్తాకు కొస మాడి,
అగరొత్తి అంటించినట్టు నల్లగా ముడుచుకునేది.
కాయ ఎరుపెక్కేలోపే మెత్తబడి
వేలు తగిలితే వేలికే అంటుకుపోయేది.

సున్నం చాల్లేదమ్మా, అన్నాడు మందుల కొట్టు జిలానీ,
వేరు తాగినా చిగురు దాకా ఎక్కట్లా,
ఆకు మీదే కొట్టాల.
అతని దగ్గర డబ్బా ఆరువందల యాభై.
మాలకొండయ్య దగ్గర పెంకు ఊరికే.

కడిగాను. లోపలి పొర ఒలిచాను
ఉల్లిపొర కన్నా పల్చన, గోటికి చిక్కదు.
ఎండబెట్టి పాత రోట్లో నూరాను,
మిక్సీలో మళ్లీ పచ్చడి తిప్పాలి కదా.
సీసాలో పోసి వెనిగర్ ఒంపితే
బుస్సుమంది.
నురగ సీసా గొంతు దాకా లేచి
ఏదో చెప్పబోయి
మెల్లగా కూచుంది.
రెండ్రోజులకి అంతా తేట.
కోడి తన ఎముకలోంచి తీసి కట్టిన గోడ
నీళ్లలో, కనపడకుండా.

లీటరుకి రెండు చెంచాలు. పొద్దు వాలాకే.
ఆకు తిప్పి అడుగున కొట్టాలి
చంటిదాని మెడ కింద పౌడరద్దినట్టు.

అప్పుడొచ్చింది అత్తయ్య, కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని.
ఏందమ్మే, ఏం కొడతన్నావు?
మందు.
ఏం మందు?
సున్నం.
సీసా ఎత్తి వెలుతురుకి పట్టింది.
తమలపాకుకి రాసేదేనా?
అదే అత్తయ్యా, ఇంకో దోవన వచ్చింది.

చాలాసేపు చూసింది, సీసాని కాదు,
నా గోళ్ల సందుల్లో తెల్లపొడిని.
ఏమీ అనలేదు. దిగిపోయింది.
ఆ రాత్రి అన్నం వడ్డిస్తుంటే మాత్రం
చేతులు రెండుసార్లు కడిగావా, అంది.

మూడు వారాలకి
ఒక ఆకు కొస మాడకుండా విచ్చుకుంది.
దాని నీడలో ఒక కాయ, ఉసిరికాయంత,
నొక్కితే ఎదురు నొక్కేంత గట్టిగా.

దేవుడి గదిలో పెడదామా, అన్నాను.
నోరు జారాక గుర్తొచ్చింది.

అత్తయ్య కాయ తుంచి అరచేతిలో దొర్లించింది.
ఆయనకొద్దులే, ఏం పోశావని అడుగుతాడు,
అని నోట్లో వేసుకుంది.
కళ్లు చికిలించింది.
పుల్లగుంది.

తొడిమ పెట్టెలోనే పారేసి, మెట్ల దాకా వెళ్లి,
వెనక్కి తిరగకుండానే అంది:
ఆ మూల మొక్కకి సరిగ్గా కొట్టినట్టు లేవే.