పలక మీద అంకె

మూడో నంబరు యంత్రానికి కొత్త చుట్టలు చుట్టడానికి
పదకొండు నెలలు పట్టింది.
ఇవాళ దాని ఇత్తడి పలక మీద
రేటింగు కొట్టాలి.

బయట స్వానేతి కొండల్లో మంచు కరుగుతోంది,
నది బూడిద కలిపిన పాలలా పొంగుతోంది.
లోపల మఖ్వలా, కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి
రాగి ఎంత వేడెక్కిందో రాసుకుంటోంది,
గంట గంటకీ, నిన్న సాయంత్రం నుంచీ.

కొత్తవాణ్ణి, అడిగాను:
అరవై మెగావోల్ట్ ఆంపియర్లంటే, అరవై దీపాలకేనా?
"యాభై నాలుగు."
మరి మిగతా ఆరు?
"ఆరు కాదబ్బాయ్, ఇరవయ్యారు."
సుద్దముక్కతో నేల మీద లంబకోణ త్రిభుజం గీసింది.
వాలు గీత అరవై. అడ్డగీత యాభై నాలుగు.
నిలువుగీత ఇరవయ్యారు.
అది ఏ బల్బూ వెలిగించదు, ఏ మరా తిప్పదు.
అది లేకపోతే మాత్రం లోయ చివరి ఊళ్ళో
వోల్టేజి చతికిలబడుతుంది.
"కాంట్రాక్టులో దానికి ధర లేదు,
రాగి మాత్రం దాని కోసమూ కాలుతుంది."

నలభై ధ్రువాలు, నిమిషానికి నూట యాభై చుట్లు.
నది తొందర నదిది, గ్రిడ్ లయ గ్రిడ్‌ది.
మధ్యలో మూడొందల టన్నుల ఉక్కు
వెంట్రుక మందం నూనె మీద కూర్చుని తిరుగుతుంది.

జుంబేర్ జేబులో పాత చుట్ట ముక్క ఒకటుంది,
వయసులో తను చుట్టిందే. తీసి చూపించాడు.
ఒక శీతాకాలం రాత్రి లైను తెగిందట.
భారం పోయింది, గేట్లు బిగుసుకున్నాయి,
యంత్రం పిచ్చెత్తి రెండొందల ఎనభైకి ఎక్కింది.
గోడల సున్నం రాలింది. ధ్రువం ఒక్కటీ ఊడలేదు.
ఎవడో, ఎప్పుడో, డ్రాయింగు బల్ల దగ్గర
రాకూడని ఆ రెండు నిమిషాల కోసం
మూడున్నర రెట్ల లాగుడికి ఉక్కు కొలిచి పెట్టాడు.
"పేరు తెలీదు," అన్నాడు జుంబేర్, "ఏటా ఆ రాత్రి వాడి పేర ఒక గ్లాసు తాగుతాను."

మధ్యాహ్నం తిబిలీసీ నుంచి ఫోను:
అరవై ఐదు కొట్టండి, మోస్తుందిగా.
"మోస్తుంది," అంది మఖ్వలా.
"పది డిగ్రీలు పెరిగితే పైపూత ఆయుష్షు సగం.
ముప్పై ఏళ్ళలో పదిహేను పోతాయి.
ఎవరి పదిహేనో చెప్పండి, కొడతాను."

అవతల ఎవరో దగ్గారు.
ఫోను పెట్టేసింది.

జుంబేర్ సుత్తి ఎత్తాడు.
ఆరు తిన్నగా పడింది,
సున్నా కాస్త పక్కకి ఒరిగింది.