ఎర్రగడ్డ రాయి

బస్‌పాస్ కౌంటర్లో కంప్యూటర్‌కు
నాలుగో ఏడాది తెలీదు.
"డిగ్రీ అంటే మూడేండ్లే గదమ్మా" అన్నాడు గుమాస్తా,
తెర మీద కిందికీ పైకీ వెతికి.
"ఆనర్స్ సార్."
"అదేంది?"
వెనక క్యూలో ఎవురో దగ్గినారు.
ఆఖరికి మూడో ఏడాదే ఇంకోసారి కొట్టి ఇచ్చినాడు పాసు.
ఈ ఏడంతా కాగితం మీద నేను
పరీక్ష తప్పిన పిల్లనే.

యాభై ఎనిమిది మంది కూర్చున్న గది.
ఇప్పుడు నలుగురం,
నేను, దస్తగిరమ్మ, చాంద్ బాషా, ఓబులేసు.
ఫ్యాన్లు మాత్రం ఆరూ తిరుగుతాయి.
డిసెంబర్లో ఓబులేసు కానిస్టేబుల్ పరుగుకు పోయినాడు,
వాని రాళ్ల సంచి ఇంకా నా బెంచీ కిందే ఉంది.
ముగ్గురం అయినాక
ఎవురికీ వెనక బెంచీ లేకుండా పోయింది.

మా నాయన ఎర్రగుంట్లలో నాపరాయికి పాలిష్ పడతాడు, అడుగుకింతని.
పెండ్లికి పోయినా ఆయన గోళ్లల్లో బూడిదరంగు పోదు.
బండను వేలి కణుపుతో తట్టి
"లోపల చీలికుంది, పక్కన పెట్టు" అంటాడు.
నేను అదే రాయిని కాగితమంత పలచగా కోసి
మైక్రోస్కోపు కింద పెట్టి
మూడు దినాలకు అదే మాట రాస్తా,
నాలుగు పేజీల్లో, రెఫరెన్సులతో.

"ఆనర్స్ అంటే గౌరవమంట గదా" అనింది మా చిన్నమ్మ,
"ఎవురిస్తారే?"
కారందోసె మడత విప్పుతా ఆలోచించినా.
జవాబు రాలే, కంట్లో నీళ్లొచ్చినాయి.
కారానికే.

జనవరిలో వేంపల్లె గుట్టలు.
సారు రాలేదు. గెస్ట్ లెక్చరరు, ఐదు నెలలుగా జీతం లేదు,
బండికి పెట్రోలు సంగతి ఆయన చెప్పలే, మేం అడగలే.
"స్కేలు పక్కన పెట్టి ఫోటోలు పంపండి" అన్నాడు.
స్కేలు మరిచిపోయినాం.
దస్తగిరమ్మ తలలోంచి క్లిప్పు తీసి పెట్టింది.
అందుకే నా ప్రాజెక్టులో
దాదాపు రెండు వందల కోట్ల ఏండ్ల రాయి పక్కన
ఊదారంగు క్లిప్పు.

"ఏం వెతుకుతాండారు పాపా?" గొర్రెలాయన.
"స్ట్రోమటొలైట్లు."
ఆయన గొర్రెల దిక్కు చూసినాడు,
వాటికేమన్నా తెలుసేమోనని.
చేతులతో చూపించినా, పొర మీద పొర, పొర మీద పొర.
"ఎర్రగడ్డ రాయా! అట్ల చెప్పరాదా?"
వంకలోకి దింపినాడు.
అడుగునా గట్టునా అడ్డంగా కోసిపెట్టిన ఎర్రగడ్డలే.
సముద్రముండేదంట ఈడ, మోకాలి లోతు సముద్రం.
కంటికి ఆనని జీవాలు బురదలో కూరుకుపోయి
ఎండ కోసం ఒక పొర పైకొచ్చేటివి.
మళ్లా బురద. మళ్లా ఒక పొర.
చూసేటోళ్లు ఎవురూ లేరు.
నేను చానాసేపు లేవలే.
బస్సు టైమయిందని చాంద్ బాషా రెండుసార్లు పిలిచినాడు.

మూడో అధ్యాయంలో రాసినా ఆ పేరు.
సారు కొట్టేసినాడు, "స్థానిక పేర్లు అనవసరం" అని.
గీత సన్నగా ఉంది, పెన్ను ఇష్టం లేక నడిచినట్టు.
నేను మళ్లా రాయలే.

వైవాకు బయటినుంచి ఒక మేడం వచ్చింది.
క్లిప్పు ఫోటో చూసి నవ్వలేదు.
"రేపు నేను పోయి చూడాలంటే?"
అక్షాంశం చెప్పినా, రేఖాంశం చెప్పినా.
"ఫోన్ పనిచెయ్యకపోతే?"
నేను సారును చూసినా. సారు కిటికీని చూసినాడు.
"ఊరు దాటినాక గొర్రెలోళ్లు కనపడతారు మేడం.
ఎర్రగడ్డ రాయి యాడుందని అడగండి."
ఆమె పెన్ను తీసుకొని
మార్కుల కాగితం పక్కకు జరిపి
అరచేతిలో రాసుకునింది.

సాయంత్రం ఆ రాయి నాయన చేతికిచ్చినా.
కణుపుతో తట్టినాడు.
చెవి కాడ పెట్టుకొని ఇంకోసారి తట్టినాడు.
"పాలిష్‌కు పనికిరాదు" అన్నాడు,
కింద పెట్టలేదు.