రైలు కన్నా ముందు వచ్చే గాలి

త్బిలిసి చివర, గ్ల్దానిలో,
తొమ్మిదో అంతస్తు నాది.
పైన ఇక తారు పూసిన కప్పే.
జులై మధ్యాహ్నం ఆ తారు మెత్తబడుతుంది.
దాచుకున్న ఎండనంతా
రాత్రి రెండింటిదాకా
కొసరి కొసరి నా గదిలోకి వడ్డిస్తుంది.

ముప్ఫై ఒక్క ఏళ్లు భూమి అడుగున పనిచేశాను.
మెట్రోలో, ఎస్కలేటర్ కింది కొసన,
గాజు గదిలో ఒక కుర్చీ, ఒక ఎర్ర మీట, ఒక మైకు.
"కుడివైపు నిలబడండి. పిల్లల చెయ్యి పట్టుకోండి."
ఎండాకాలమంటే నాకు
మెట్లు దిగేవాళ్ల చొక్కాల వెనక తడి మాత్రమే.
రైలు కన్నా ముందు గాలి వచ్చేది
సొరంగంలోంచి, చల్లగా, ఇనుము వాసనతో.
అది చెంపకి తగిలితే చాలు
దీపాలు కనపడకముందే లేచి నిలబడేదాన్ని.

ఇప్పుడు గాజు గది నాది కాదు.
అందులో ఎనిమిది చిన్న చేపలు,
ఒక మీసాల చేప. దాని పేరు కంట్రోలర్.
టికెట్ లేనివాడెవడో దాక్కున్నట్టు
రోజంతా ఇసుక తడుముతూ తిరుగుతుంది.
బయట కుర్చీలో నేను.

ఆ మంగళవారం థర్మామీటర్ ముప్ఫై రెండు చూపింది.
చిన్నవన్నీ పైకి చేరి
నీటి అంచుకి నోళ్లు ఆనించాయి.
కంట్రోలర్ బాణంలా పైకొచ్చి
ఒక్క గుక్క గాలి మింగి
మళ్లీ డ్యూటీలోకి దిగిపోతోంది.
ఐసు ముక్కలు వెయ్యనా అనడిగితే
"చంపుకుంటావా, త్సియాలా!" అన్నాడు బద్రి.
నదొడ్డున దుప్పటి పరిచి
చచ్చిన కంప్యూటర్ల పేగులు అమ్ముతాడతను.
అరచేతి వెడల్పువి రెండు ఫ్యాన్లు నా సంచిలో పడేశాడు.
మూతబడ్డ ఆటల దుకాణంలోవట,
రెక్కల మీద ఎవరి సిగరెట్ల మసో ఇంకా ఉంది.
"నిలువుగా కాదు, ఏటవాలుగా పెట్టు.
ఫ్యాన్ చల్లబరుస్తుందనుకోకు.
పోయే నీళ్లే పోతూ పోతూ
వేడిని చంకనేసుకుని పోతాయి. అంతే."

మూత తీసేశాను.
చేపలు ఎగిరి పడకుండా పాత కిటికీ తెర కత్తిరించి కట్టాను.
చివరికి ఫోను పోయినా మిగిలిన చార్జరు వైరు పనికొచ్చింది.
తెల్లారేసరికి ఇరవై ఎనిమిదిన్నర.
నీళ్లు రెండు వేళ్లు తగ్గాయి.
అద్దం మీద తెల్లటి గీత,
ఎక్కడిదాకా ఉండేవో చెబుతూ.
కాచి చల్లార్చిన నీళ్లు కెటిల్‌తో పోశాను.
సాయంత్రం మళ్లీ పోశాను.
చల్లదనం అరువుకి దొరకదని
ఈ వయసులో తెలిసింది.

నాలుగో రాత్రి తలుపు దబదబలాడింది.
కింది ఇంటి అవ్తందిల్, బనీను మీద.
"ఇంట్లో తేనెటీగలు పెంచుతున్నావా?"
చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి చూపించాను.
కళ్లజోడు లేదు, అద్దానికి ముక్కు ఆనించి
అంకెలు చదివాడు.
కంట్రోలర్ అతణ్ణి తనిఖీ చేసింది.
ఏమీ అనకుండా వెళ్లిపోయాడు.
పది నిమిషాల్లో తిరిగొచ్చాడు
సైకిల్ ట్యూబు ముక్కలు నాలుగు పట్టుకుని.
ఫ్యాన్ల కింద ఒక్కొక్కటీ దోపాడు.
మోత సగానికి దిగింది.
మిగిలిన సగం తనకి పర్లేదన్నాడు.

ఆదివారం రాత్రి కరెంటు పోయింది,
వీధి మొత్తం.
కేకు పెట్టె మూత చింపి విసరడం మొదలుపెట్టాను.
కుడి చెయ్యి, ఎడమ చెయ్యి, మళ్లీ కుడి.
ఎంతసేపో లెక్క తెలీదు.
చీకట్లో నీళ్లున్నాయన్న గుర్తు
వేళ్ల మీద పడే చిన్న తుంపర ఒకటే.
కింద నుంచి అవ్తందిల్ గొంతు:
"ఏమైంది? చప్పుడు ఆగిందేం?
నిద్ర పట్టట్లేదు."
"నీకు కరెంటు ఉందా?" అన్నాను.
"అవును కదా," అన్నాడు,
అప్పుడే గమనించినట్టు.

దీపం స్విచ్చి ఆపే ఉంచానేమో,
కరెంటు వచ్చినా గది చీకటిగానే ఉంది.
ముందు గాలి వచ్చింది,
ముంజేతి మీదికి, చల్లగా, కాస్త నాచు వాసనతో.
లేచి నిలబడ్డాను.
నీళ్లలో ఎవరో పైకొచ్చి
ఒక గుక్క మింగి
దిగిపోయిన చప్పుడు.