గోరువెచ్చ

క్లాక్స్‌విక్‌లో ఫిబ్రవరి.
రేవులో పడవలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటున్నాయి.
ఫోనులో సున్‌లైఫ్‌ది ఒకటే మాట:
"రాన్వా, నా పెట్టెకు ఒళ్ళు వెచ్చబడింది."

పెట్టె అంటే మెట్ల కింద కరెంటు పెట్టె.
నేను వెళ్ళేసరికి దాని తలుపు తీసి
ఎదురుగా కుర్చీ వేసుక్కూచున్నాడు,
జ్వరం పిల్ల పక్కన కూచున్నట్టు.
తాకుతున్నది అరచేత్తో కాదు, చేతివెనకతో.
చేపల కత్తి నలభై ఏళ్ళు పట్టిన అరచేతికి
వేడి సరిగ్గా తెలియదట.

ఎంత వెచ్చ? అనడిగాను.
కాసేపు ఆలోచించాడు.
"మనిషి ఇప్పుడే లేచివెళ్ళిన కుర్చీ అంత."

ఇరవై రెండేళ్ళుగా ఈ పనిలో ఉన్నాను.
డిగ్రీలు చెప్పేవాళ్ళను చూశాను,
కొంపలంటుకుంటున్నాయని అరిచేవాళ్ళను చూశాను.
కొలత ఇలా చెప్పినవాడు లేడు.

నా పరికరం ముప్పై ఎనిమిది అంది.
గదిలో హీటరు, స్నానానికి నీళ్ళు,
పొయ్యి మీద బంగాళాదుంపలు,
అన్నీ ఆ చిన్న మీటల గుండానే కదా నడుస్తున్నాయి.
ఒక స్క్రూ పావు చుట్టు వదులు. బిగించాను.
లోపల రెండు లోహాల రేకు ఉంటుంది, సున్‌లైఫ్,
ఒకటి ఎక్కువ సాగుతుంది, ఒకటి తక్కువ,
విడిపోకుండా అతికించారు కాబట్టి
సాగలేక వంగుతుంది.
మరీ వంగితే మీట పడిపోతుంది.
వెచ్చబడటం దాని రోగం కాదు, దాని పని.
చెయ్యి ఆనించలేనంత కాలితేనో,
ప్లాస్టిక్కు గోధుమరంగుకి తిరిగితేనో,
ఊరికే చేపల వాసన వస్తేనో పిలువు.

"చేపల వాసనా?" పళ్ళు లేని నవ్వు.
"ఈ ఊళ్ళోనా?"

పోయేముందు పరీక్ష బొత్తాలు ఒక్కొక్కటే నొక్కాను.
టక్. టక్. టక్.
నాలుగోది పడలేదు.
మళ్ళీ నొక్కాను. రాయిలా ఉంది, చల్లగా.

"దాని జోలికెందుకు? అది ఎప్పుడూ వేడెక్కదు,
అన్నిట్లోకీ బుద్ధిమంతురాలు."
పక్కన పెన్సిలు రాత: అల్లిక మిషను.
అతని అక్షరాలు కావు.
బిల్‌హిల్ద్ పోయి తొమ్మిదేళ్ళు.
ఇన్నేళ్ళూ అతను వెచ్చగా ఉన్నవాటికే కాపలా కాశాడు.
ఏ రోజైనా షాకు కొడితే
చూస్తూ ఊరుకునేది ఈ చల్లనిదే.

మెయిను ఆపాను.
ఇల్లంతా ఒక్కసారిగా గాలికి దొరికిపోయింది.
తలకు కట్టుకున్న లైటు వెలుగులో పాతది తీసి కొత్తది బిగించి,
మళ్ళీ కరెంటిచ్చి బొత్తం నొక్కాను. పడింది. ఎత్తాను.
పైకెళ్ళి ఏదో ఒకటి వేసి చూడు, అన్నాను.

మెట్లు ఎక్కడానికి చాలాసేపు పట్టింది.
తలుపు తెరవడానికి ఇంకాసేపు.
తర్వాత మిషను మూలుగు,
నూనె లేని మోటారు, ఆగి, మళ్ళీ అందుకుని.

ఒక్క అల్లిక మిషను వేడి ఎంతని?
చేతికి అందదు, నాకు తెలుసు.
అయినా చేతివెనక
ఆ కొత్త మీటకు ఆనించి నిలబడ్డాను.

పైన మూలుగు ఆగడం లేదు.
బంగాళాదుంపలు మాడుతున్నాయని
చివరికి నేనే కేకేయాల్సి వచ్చింది.