నీళ్లు మార్చడం

మంగళవారం, ఎనిమిదీ ముప్పావు.
జెఫెరీను గారు చొక్కా చెయ్యి పైకి మడుస్తారు.
ముంజేతి వెంట్రుకల్లో తెల్లటి పొడి ఇంకా మెరుస్తోంది.
యాభై ఏళ్లు అవైరో ఉప్పు మడుల్లో
కొయ్య దంతె లాగిన చెయ్యి అది.

పట్టీ చుట్టి మీట నొక్కుతాను.
యంత్రం గురక పెడుతుంది, ఊపిరి బిగబడుతుంది,
నూట డెబ్బై ఎనిమిది, కింద నూట నాలుగు.

"ఇంకోసారి చూడండి, నర్సమ్మా.
మెట్లెక్కి వచ్చాను."
మా ఆరోగ్య కేంద్రానికి మెట్లు మూడే.

ఇంకోసారి. నూట డెబ్బై ఆరు.
"చూశారా, తగ్గింది!"

తెర మీద ఆయన పేరు పక్కన గళ్లన్నీ ఎర్రబడ్డాయి:
కొవ్వు. అంచున నిలబడ్డ చక్కెర.
రోజుకి పదకొండు సిగరెట్లు.
యాభై నాలుగో ఏట దంతె చేతిలో ఉండగానే
మడిలో ఒరిగిపోయిన తండ్రి.
అన్నీ కలిపి యంత్రం ఒక లెక్క తేల్చింది:
ఇలాంటివాళ్లు వందమంది ఉంటే
పదేళ్లలో ఇంతమందికి గుండెపోటు.
ఆయన కళ్లద్దాలు సర్దుకున్నారు.
"ఈ వందమందీ ఎవరు? మా రేవువాళ్లేనా?
నాకు తెలిసినవాళ్లెవరైనా ఉన్నారా?"

చెప్పవలసిన మాట ఇంకా నాలుక మీదే ఉంది.
కాగితంలోకి చూస్తూ చెప్పేశాను:
ఉప్పు తగ్గించాలి.

ఆయన నవ్వలేదు, కోప్పడలేదు.
"మా ఇంటి గోడలు ఉప్పు.
నా పెళ్లి ఖర్చు ఉప్పు.
మా అమ్మాయి పళ్ల డాక్టరు చదువంతా ఉప్పు.
చెప్పండి,
ఏ గోడ దగ్గర మొదలుపెట్టమంటారు?"

ఆ వేళ మాత్రలు రాయించి పంపాను.
ఆగస్టులో ఆయన రాలేదు.
మొండిమనిషి అని ఫైల్లో రాయబోయి, పెన్ను ఆపి, ఫోన్ చేశాను.
"కోత నెలమ్మా ఇది. ఆ తెల్లమాత్ర వేసుకుంటే గంటకోసారి పరుగు.
కనుచూపు మేర మడులు, చెట్టూ లేదు చాటూ లేదు.
కొంగలకి సిగ్గులేదేమో, నాకుంది."
ఇన్నేళ్ల ఉద్యోగంలో నేనెవరినీ అడగని ప్రశ్నకి జవాబు అది.
క్విటేరియా డాక్టరు ఆ మధ్యాహ్నమే మాత్ర మార్చింది.

నవంబరులో భార్య లుదొవీనా వెంట వచ్చింది.
నేనిచ్చిన పథ్యం కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి
చేతిసంచిలో అడుక్కి తోసేసింది.
"ఎండు కాడ్ చేప వండావా ఎప్పుడైనా?
పలకలా ఉంటుంది. రాత్రికి రాత్రి ఉప్పు దిగమంటే దిగదు.
చల్లటి నీళ్లలో వెయ్యాలి. నీళ్లు మార్చాలి.
పొద్దున మళ్లీ మార్చాలి.
రెండో రోజు అంచు గిల్లి రుచి చూడాలి.
మొత్తం లాగేశావా, అది చేప కాదు, దూది.
ఈయన్నీ అట్లాగే నానబెడతాను.
నువ్వు తొందరపెట్టకు."

సూప్‌లో అరచెంచా తగ్గింది, ఆయనకి చెప్పకుండా.
తర్వాత రొట్టె మారింది, చెప్పే మార్చింది, పోట్లాట అయింది.
నూట అరవై నాలుగు. నూట యాభై ఎనిమిది.
సిగరెట్లు ఏడు. ఏడు. తొమ్మిది.
(ఆ వారం పక్క మడి అమాదేవు పోయాడు.
ఆ తొమ్మిది గురించి నేనేమీ అనలేదు.)
నూట అరవై ఒకటి.
అయిదు.
నూట నలభై నాలుగు.
ఎర్ర గడి ఇంకా ఎర్రగానే ఉంది. యంత్రానికి నూట నలభై దిగాలి.

మార్చిలో పాత పేపరులో చుట్టి ఏదో తెచ్చారు.
ఉప్పు పువ్వు. మడి నీళ్ల మీద
గాలి లేని సాయంత్రాల్లో మాత్రమే పూసేది,
పొరలా, చేత్తో తాకితే చెదిరేది.
"నేనెట్లాగూ తినకూడదుగా, మీరుంచుకోండి.
అవునూ, మీకెంతుంటుంది?"

ఎవరూ అడగలేదు ఇప్పటిదాకా.
కుర్చీ మార్చుకున్నాం.
పట్టీ ఆయన చుట్టారు, వల ముడి వేసినంత జాగ్రత్తగా.
మీటా ఆయనే నొక్కారు.

నూట యాభై రెండు.

"ఇంకోసారి చూడండి," అన్నాను,
"మెట్లెక్కి వచ్చాను."