వాక్-ఇన్

హబ్సిగూడ మెట్రో మెట్లు దిగుతుంటేనే తెలిసిపోతుంది
ఎవరు ఎక్కడికి పోతున్నారో.
చంకలో ప్లాస్టిక్ ఫోల్డరు,
పెదాల వెనక తిరుగుతున్న థీసిస్ తాలూకు మూడు వాక్యాలు.

ఫసియుద్దీన్ భాయ్ జిరాక్స్ షాపులో
నా డిగ్రీలు వెచ్చవెచ్చగా బయటికొస్తాయి.
"పోయిన నెల కూడా ఇవే తీసిన్రు కదా మేడం?
ఇంకో పది తీసిపెడ్తా, పనికొస్తయి."
దీవెనో శాపమో అడగలేదు.
పదీ తీయించుకున్నాను.

ఒకటే పోస్టు.
ఆరు నెలలు, లేదా ప్రాజెక్టు ముగిసేవరకు, ఏది ముందైతే అది.
ఎక్కాలకన్నా గట్టిగా వచ్చు నాకీ వాక్యం.

వరండాలో తొమ్మిది కుర్చీలు, నలభైముగ్గురం.
జొన్న వేళ్లతో నాలుగేళ్లు గడిపిన కేతావత్ రూప్లా
గోడకానుకుని నేలమీద.
సుధామయి ఒళ్లో పాప,
పాప చేతిలో గిలక్కాయలా పిపెట్ టిప్పుల డబ్బా.
నేను చెదపురుగుల కడుపులో ఐదేళ్లున్నాను.
"మందు కనిపెట్టినవా?" అనేది మా మేనత్త.
చంపడం కాదత్తా, కట్టెనెట్లా అరిగించుకుంటాయో చూడ్డం.
"అయితే కట్టె తిని బతకొచ్చు నువ్వు" అని నవ్వేది.

ఎవరి ముఖం ఎవరమూ చూడం.
పక్కవాళ్ల ఫోల్డరు మందం మాత్రం
కంటికొసతో కొలుస్తాం.

పన్నెండు దాటాక ఏదో తలుపు వెనక
సెంట్రిఫ్యూజ్ తిరగడం మొదలైంది.
ముందు తేనెటీగ. తర్వాత మిక్సీ. తర్వాత
ఆ దడదడ.
ఎదురెదురు ట్యూబుల బరువు కలవలేదు.
ప్యూనుకది చప్పుడు.
మాకు, మంచమ్మీంచి జారుతున్న పసిబిడ్డ.

లేచాం.
పదకొండుమందో పన్నెండుమందో, ఒక్కసారే.
ఫోల్డర్లు జారి
ఎవరి ఎమ్మెస్సీ ఎవరి కాళ్లకిందో.
రూప్లా తలుపు తోసి స్విచ్చు నొక్కాడు,
తిరగడం పూర్తిగా ఆగేదాకా మూతమీద చెయ్యి వేసి నిలబడ్డాడు.
సుధామయి పాపని నా చేతిలో పెట్టి
ట్యూబుల్ని ఒక్కొక్కటే తూచి సర్దింది.
లోపలి కుర్రాడు ఏడుపు మొహంతో
"థాంక్యూ అక్కా" అన్నాడు.

వెంటనే బయటికి రాలేదు మేం.
ఉడుకుతున్న అగార్ వాసన, ఇథనాలు, ఏసీ చల్లదనం.
ఎవరో గట్టిగా ఊపిరి పీల్చుకోవడం వినిపించింది.
నేనే కావచ్చు.

ఇంటర్వ్యూలో నన్నడిగినవి రెండు ప్రశ్నలు.
రెండోది నా వయసు.

రాత్రి రూములో ఫోల్డరు తెరిస్తే
నా పీజీ మెమో లేదు.
కేతావత్ రూప్లాది ఉంది, అరిగిన అంచుల ఒరిజినల్,
బాటనీలో డెబ్భై ఎనిమిది.
వెనక పెన్సిల్‌తో రాసున్న నంబరుకి ఫోన్ చేశాను.

"నీది నా దగ్గరుందక్కా, భద్రంగ పెట్టిన.
గురువారం రాజేంద్రనగర్‌ల ఉంది కదా ఇంకోటి,
నువ్వెట్లాగూ వస్తవ్.
అప్పుడు తెస్తా."