కాన్పు సుగ్గి

సుగ్గికి లారీ ఎక్కేవాళ్ళ పేర్ల పక్కన
ఎర్ర పెన్నుతో 'వలస' అని రాస్తాను.
కోసిగిలో ఈ నెల
రెండు పెన్నులు అయిపోయినాయి.

ఉసేనమ్మకు ఎనిమిదో నెల.
"వంగి మిరపకాయ కోయలేవు గదే,
ఎందుకు నీకు గుంటూరు?" అంటే నవ్వింది.
"కాయకు కాదక్కా. కాన్పుకు."

పోయిన కాన్పు నాకు తెలుసు.
మా ఆసుపత్రికి కొత్త రంగేసినారు,
డాక్టరు కుర్చీకి ప్లాస్టిక్ కవరు
ఇంకా తీయలేదు.
ఆదోనిలో పుట్టింది బిడ్డ, కిలోన్నర కూడా లేదు,
పిడికిట్లో పట్టేంత ఏడుపు.
వెచ్చగా ఉంచే పెట్టెలో అప్పటికే ముగ్గురు.
"కర్నూలు తీసుకపోండి" అన్నారు.
ప్రైవేటు ఆసుపత్రి మెట్ల కాడ ఈరేశు
రోజుకెంతని అడిగి, వేళ్ళు లెక్కబెట్టి,
వేళ్ళు చాలక
చేతులు జేబులో పెట్టుకున్నాడు.
ఎమ్మిగనూరు దాటినాక డ్రైవరు సైరన్ ఆపేసినాడు.
ఆ ఆగడం నాకిప్పటికీ వినబడతాది.

ఆడ వీధికి వీధి ఆసుపత్రులే అంట.
మోకాటికొక డాక్టరు, చెవికొక డాక్టరు.
సర్కారు ఆసుపత్రిలోనే పెట్టెలు వరసగా ఉంటాయంట,
మన సంతలో టమాటా గంపల మాదిరి.
"ఎవరు చెప్పినారే?"
"పోయినేడు కాయ కోసినోళ్ళు."

మా మేడం గోడ మీద మ్యాపు ఉంది.
గుంటూరుకూ మాకూ
ఒకటే పచ్చరంగు పూసినారు.

మూటల నడుమ పాతచీరలు పరిచి
జాగా చేసినారు ఉసేనమ్మకు.
జొన్నరొట్టెలు, శెనక్కాయల పొడి,
నేనిచ్చిన ఐరన్ మాత్రలు,
తల్లీబిడ్డ కార్డు జాకెట్లో.
లారీ గుంతలో పడినప్పుడల్లా
రెండు చేతులా కడుపు పట్టుకొని
నాలుగు వందల కిలోమీటర్లు పోతాంది,
ఆసుపత్రికి దగ్గర్లో ఉండాలని.

పైనుంచి ఫోనొస్తాది నాకు:
"నీ ఊర్లో కాన్పులెందుకు తగ్గినాయి?"
ఎందుకంటే ఏం చెప్పాలి.
ఫారంలో కారణం గడి కింద మూడే ఉన్నాయి:
పని, చదువు, పెండ్లి.
చానాసేపు చూసినాను.
'పని' మీద టిక్కు పెట్టినాను.
కాన్పూ పనే గదా.
పెన్ను పడలేదు,
రెండుసార్లు గీకాల్సి వచ్చింది.